నడుంకట్టు

నలభై నాలుగు. కోమలి కన్ను పక్కకు తీసి, చున్నీ అంచుతో చెమట తుడుచుకుని, మళ్లీ సర్వే దుర్భిణికి ఆనించింది. నలభై నాలుగు మిల్లీమీటర్లే. మామిడికాయలు కోసే దోటి కొసకు అయస్కాంతం కట్టి ఇందాక తనే అంటించిన పసుపు కొలబద్ద మీద దుర్భిణి గాజులోని సన్నటి గీత అక్కడే నిలబడి ఉంది. అంటే పైనున్న నీళ్ల ట్యాంకును మోస్తున్న నాలుగు కాళ్లలో ఈ కాలు, తొమ్మిది మీటర్ల ఇనుప కాలు, సరిగ్గా నడుము దగ్గర రెండంగుళాలకు రవ్వంత తక్కువగా పక్కకు ఒరిగి ఉంది. పైన ఇరవై వేల లీటర్ల నీళ్లు. అంచుదాకా. సగమే నింపమని చెప్పింది కదా, సగమే అని రెండుసార్లు చెప్పింది కదా, ఇప్పుడు ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి, నీళ్లకు చెప్పుకోవాలా. ముప్పై అడుగుల అవతల, కాయలు కడిగే తొట్టి దగ్గర, ఫిట్టరు శాంతయ్య కొళాయి మొత్తం తిప్పేసి వచ్చాడు. నీళ్లు కాలువలో పడి ప్రహరీ వెంట పారుతున్నాయి. ఖాళీ కావడానికి గంట పడుతుందన్నాడు. ఒక గంట ఈ కాలు ఇట్లాగే నిలబడితే చాలు. పలమనేరు మిట్టల మీంచి గాలి దిగుతోంది, జూలై గాలి, సాయంత్రం నాలుగైతే చాలు బంగారుపాళ్యంలో రేకులు లేపేసే గాలి. ఇప్పుడు మూడున్నర. గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు హైవే దాకా వరస కట్టి ఉన్నాయి, డ్రైవర్లు దిగి గేటు కమ్మీల సందుల్లోంచి లోపలికి చూస్తున్నారు, ఒకడు సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఏం తీస్తాడు, వంగిన కాలు ఫోటోలో కనపడదు, మామూలు కంటికే సరిగా కనపడదు. శాంతయ్య కంటికి ఎట్లా కనపడిందో.

"మా, ఆ కాలు నాకు వంకరగా అగపడతా ఉండాది. నా కండ్లే బాగలేవో ఏమో, రొంత వచ్చి సూసి పోతావా," అని మధ్యాహ్నం ఆయన ఫోను. చిత్తూరు ఆఫీసులో పెరుగన్నం డబ్బా మూత తీసి పట్టుకుని ఉంది అప్పుడు. ఏ కాలు అని అడిగింది, అడుగుతూనే డబ్బా మూత పెట్టేసింది. పదకొండు రోజుల కిందట ఇంకో ఫోను వచ్చింది కదా. తిరుపతి ఆసుపత్రి, మూడో అంతస్తు, అమ్మ నిర్మలమ్మకు మోకాలి ఆపరేషను, చేతిలో సంతకాలు పెట్టాల్సిన కాగితాల కట్ట, నర్సు పెన్ను ఇచ్చి పక్కనే నిలబడి ఉంది. ఈ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు ధర్మేంద్ర చేశాడు. కొత్త మెషీను వచ్చింది మేడం, ట్యాంకు కాళ్ల మధ్యలోంచే లోపలికి పోవాల, క్రేను తల తగులుతా ఉండాది, ఒక అడ్డకమ్మీ కోసుకుంటే పని అయిపోతుంది, వారంలో మళ్లీ వెల్డింగు పెట్టిస్తాం. ఆమె కాగితం మీద సంతకం పెడుతూనే, ఒకటేనా అంది. ఒకటే మేడం. వారమే. వారమే మేడం. సరే, ట్యాంకు సగమే నింపండి. ఎవరే ఫోన్లో అని అమ్మ మంచం మీంచి అడిగింది, ఏం లేదుమా అంది. ఏం లేదు. నాలుగేళ్ల కిందట ఇంజనీరుగా ఆ కాళ్ల లెక్క కట్టినప్పుడు పదిహేను పేజీలు రాసింది, ప్రతి పేజీ కింద సంతకం. పదకొండు రోజుల కిందట ఒక్క ముక్క రాయలేదు, ఎక్కడా సంతకం లేదు, పెట్టిన సంతకాలన్నీ అమ్మ మోకాలివి. వాళ్లు ఒకటి కాదు, మూడు కోశారు. ఏటవాలు కమ్మీలు రెండూ, వాటి మధ్యలో ఆ వైపు కాళ్లు రెండింటినీ నడుము దగ్గర కలిపి పట్టిన అడ్డకమ్మీ కూడా. సీజను మొదలైంది, వెల్డరు దొరకలేదు, వారం పదకొండు రోజులైంది. ఆమె కూడా మళ్లీ ఫోను చేయలేదు. అమ్మను నడిపించడం, ఇంటికి తేవడం, అదీ ఇదీ. గుర్తే లేదు. నిజంగా గుర్తే లేదా, లేక గుర్తొచ్చినా రేపు చూద్దామనుకుందా? మొన్న రాత్రి పళ్లు తోముకుంటూ ఉంటే ఒకసారి గుర్తొచ్చింది. వచ్చింది. అబద్ధమెందుకు.

ముప్పై ఏడు. దేవుడా, ముప్పై ఏడు. తగ్గుతోంది. పక్కన నిలబడిన శాంతయ్యకు చెప్పింది, ఆయన తల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. బరువు తగ్గేకొద్దీ వెనక్కి వస్తుంది, మొదట్లోనే ఎక్కువ వస్తుంది, ఇనుము గుణమే అంత. తిరుపతి కాలేజీలో సారు ప్లాస్టిక్ స్కేలు బల్ల మీద నిలబెట్టి అరచేత్తో నొక్కాడు. నొక్కుతున్నంతసేపూ ఏమీ కాలేదు, ఏమీ కాలేదు, ఉన్నట్టుండి విల్లులా వంగిపోయింది, ముందు బెంచీలో అందరూ నవ్వారు. ఇది చితకడం కాదు, విరగడం కాదు, దీన్నే బక్లింగ్ అంటారు, సన్నగా పొడుగ్గా ఉండే దేనికైనా ఇదే గండం అన్నాడు. తర్వాత ఆమెను పిలిచి, స్కేలు నడుముకు రెండు వైపులా వేళ్లు ఆనించమన్నాడు. గట్టిగా పట్టుకోవద్దు, ఊరికే ఆనించు. మళ్లీ నొక్కాడు. స్కేలు కదల్లేదు. ఆయన చెయ్యి ఎర్రబడిందే కానీ స్కేలు కదల్లేదు. నడుముకు చిన్న ఆసరా ఉంటే నాలుగింతల బరువు మోస్తుందమ్మా, ఆసరా మీద పడే బరువు మాత్రం ఇంతే. రెండు వేళ్ల మీద దాదాపు ఏమీ తెలియలేదు, నిజమే, చీమ నడిచినట్టు ఉండింది. అట్లాంటి దాన్ని కోసేశారు. చూసేవాళ్లకు అది అడ్డంగా ఉన్న కమ్మీ ముక్క, ఏ బరువూ మోయని ముక్క, క్రేనుకు అడ్డం. వాళ్లకు తెలియకపోవడంలో తప్పు లేదు. ఆమెకు తెలుసు. ముప్పై ఒకటి. వెనకాల ప్రహరీ నీడన కాయలు ఏరే ఆడవాళ్లు నలభై మందీ గుంపుగా కూర్చుని ఉన్నారు, ఇందాక ఆమె షెడ్డులోకి పోయి గొంతు చించుకుని అరిస్తే బయటికి వచ్చినవాళ్లు. చేతులకు ఇంకా రబ్బరు తొడుగులు ఉన్నాయి. వాళ్ల పెద్ద గురవమ్మ ఒక్కతే కూర్చోకుండా నిలబడి ఇటే చూస్తోంది.

ముప్పై మూడు. తప్పు చూసిందా? కన్ను తుడుచుకుంది. గాలి కావచ్చు, గాలి ట్యాంకును తోస్తే ఈ కాలి మీద బరువు పెరుగుతుంది, ఒక నిమిషం ఆగాలి. ఒక నిమిషం. అరవై లెక్కపెట్టింది, లెక్కపెడుతూ ఉంటే మధ్యలో అంకెలు ఎగిరిపోయాయి, ముప్పై ఆరు దగ్గర ఆగి కళ్లు తెరిస్తే కొలబద్ద మీద కూడా ముప్పై ఆరే. గాలి లేదు. కొబ్బరాకు కదలడం లేదు. నీళ్లు పోతున్నాయి, కాలువలో కనపడుతున్నాయి, బరువు తగ్గుతుంటే వంపు పెరగడమేమిటి? వెల్డింగు ఏదైనా ఊడిందా, కింద పాదం కుంగుతోందా, కుంగితే ఎటు పడుతుంది, షెడ్డు మీదికి, షెడ్డులో ఎవరూ లేరు, ఎవరూ లేరు, అందరినీ పంపించేసింది.

శాంతయ్య చెవి ఒగ్గి నిలబడ్డాడు. "మా," అన్నాడు మెల్లగా, "మోటరు తిరగతా ఉండాది."

"ఏ మోటరు?"

"బోరు మోటరు మా. ట్యాంకులో నీళ్లు తగ్గితే దానంతట అదే ఆన్ అయితాది గదా. మనం ఈడ ఇడస్తా ఉంటే అది ఆడ నింపతా ఉండాది. మనం ఇడిసేదానికన్నా జాస్తి పోస్తాది అది."

ఆమెకు తట్టలేదు. పదిహేను పేజీల లెక్క కట్టిన మనిషికి మోటరును ఆన్ చేసే ఒక తేలే బుడ్డి సంగతి తట్టలేదు. "స్విచ్చి ఎక్కడ?" అని అడిగింది కానీ ఆయన చూపు పోయిన వైపు చూడగానే తెలిసిపోయింది. నాలుగు కాళ్ల నడిమధ్యన, ట్యాంకు కింద, రేకుల తలుపున్న చిన్న గది.

"ఒక్క నిమిషం పని. పోయి ఆపేసి వచ్చేస్తా," అని శాంతయ్య అప్పటికే రెండడుగులు వేశాడు. ఆమె చొక్కా పట్టుకుంది. అరవై ఏళ్ల మనిషి చొక్కా, వీపు దగ్గర పిడికిలి నిండా, బొత్తాం ఒకటి తెగి కింద పడింది. ఒక్క నిమిషం. ఆ స్కేలు కూడా అట్లాగే, ఏమీ కాలేదు, ఏమీ కాలేదు, తర్వాత అంతా అయిపోయింది. పోనీయవచ్చు. తొంభై తొమ్మిది పాళ్లు ఏమీ కాదు. ఆయన పోతాడు, ఆపుతాడు, వస్తాడు, బీడీ వెలిగిస్తాడు. పొమ్మని నోరు తెరిస్తే చాలు, పదకొండు రోజుల కిందట సరే అన్నంత సులభం. "వద్దు శాంతయ్యా. ఆ కాళ్ల మధ్యకు ఎవరూ పోకూడదు. ఫ్యాక్టరీ మొత్తం కరెంటు ఎక్కడ ఆపుతారు?"

"గేటుకాడ గదిలో. తాళం మేనేజరు తావ ఉంటాది."

పరిగెత్తింది. చెప్పులు ఎర్రమట్టిలో జారుతున్నాయి, కాయల రసం పడి మట్టంతా జిగటగా ఉంది, ఈగలు లేస్తున్నాయి. పరిగెత్తుతూ ఉంటే అప్పుడు వినపడింది. షెడ్డులోంచి సన్నటి మోత. ఇందాకటినుంచీ ఉన్న మోతే, చెవికి అలవాటై వినపడని మోత. మనుషులు లేకుండా మెషీను ఎట్లా నడుస్తుంది? ధర్మేంద్ర ఆ కరెంటు గది ముందరే నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు, ముప్పై ఏళ్ల వాడు, ఇస్త్రీ చొక్కా, కళ్ల కింద నల్లగా నిద్ర లేని చారలు. సీజను మొదలైనప్పటినుంచీ అతను ఇక్కడే పడుకుంటున్నాడని ఎవరో చెప్పారు.

"మెయిన్ ఆపండి."

"మేడం, మీరు చెప్పినట్టే అందరినీ బయటికి..."

"లోపల ఎవరున్నారు?"

అతను చూపు దించాడు. "ఇద్దరే మేడం. గుజ్జు వేడి మీద ఉంది, మధ్యలో ఆపితే పైపుల్లో గడ్డ కట్టేస్తుంది, బ్యాచంతా పారబోయాల్సిందే. ఇంకో ఇరవై నిమిషాలు, అయిపోతుంది. కాలు వెనక్కి వస్తా ఉందని మీరే చెప్పినారంట కదా."

"మళ్లీ వంగుతోంది. మోటరు నింపుతోంది. ఎవరా ఇద్దరు?"

అతను చెప్పేలోపలే ఆమె వెనక ఎవరో ఆగి రొప్పుతున్న చప్పుడు. గురవమ్మ. ఆమె కూడా వెంటే పరిగెత్తి వచ్చింది. "నా కొడుకు యాడ?" అంది. "సారూ, మునికుమారు యాడ? వాడు బయటికి వచ్చినాడంటివి గదా నువ్వు." ధర్మేంద్ర ఒక అడుగు వెనక్కి వేశాడు. జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు, తాళం అందులోనే ఉంది, ఇచ్చేందుకో దాచుకునేందుకో అతనికే తెలియనట్టు అట్లాగే పెట్టుకుని నిలబడ్డాడు.

"తాళం ఇయ్యి," అంది కోమలి. మీరు అనడం పోయింది. "ఇయ్యకపోతే, ఆ ట్యాంకు కిందికి నువ్వు పోయి మోటరు ఆపు. నేను ఈడే నిలబడి చూస్తా."

తాళం ఇచ్చాడు. తొందరలో తాళంచెవి రంధ్రంలో పడలేదు, గురవమ్మ కోమలి మణికట్టు పట్టుకుని నిలకడ చేసింది. లోపల మెయిన్ స్విచ్చి, పెద్ద పిడి. కోమలి రెండు చేతులతో కిందికి లాగింది.

మోత ఆగిపోయింది. షెడ్డు, బోరు, ఫ్యాన్లు, ఎక్కడో రేడియో, అన్నీ ఒక్కసారిగా. ఆ నిశ్శబ్దంలో నీళ్లు కాలువలో పడే చప్పుడు మాత్రం మిగిలింది. షెడ్డు తలుపులోంచి ఇద్దరు బయటికి వచ్చారు, ఒకడు మోచేతులదాకా పసుపు గుజ్జుతో, ఏమైంది కరెంటుకు అన్నట్టు పైకి చూస్తూ, సరిగ్గా ఆ వంగిన కాలి పక్కనుంచి తీరిగ్గా నడిచి వస్తున్నాడు. గురవమ్మ పేరు పెట్టి అరిచిన అరుపుకు పరిగెత్తాడు. దగ్గరికి రాగానే వీపు మీద ఒక్క దెబ్బ వేసింది, ఆ తర్వాత ఆ గుజ్జు చేతులు పట్టుకుని వదల్లేదు.

కోమలి వెనక్కి వచ్చి దుర్భిణికి కన్ను పెట్టింది. ముప్పై తొమ్మిది. ఇక చేసేదేమీ లేదు, చూడడమే. గాలిని రాకుండా ఆపడం, నీళ్లను తొందరపెట్టడం తన చేతిలో లేవు. ముప్పై ఎనిమిది. నాయన అయితే ఏం చేసేవాడో. నాయన చెంగల్రాయుడు చిత్తూరులో సెంట్రింగ్ మేస్త్రి, స్లాబుల కింద సరుగుడు కట్టెలు నిలబెట్టడమే ఆయన బతుకు. కట్టెలన్నీ నిలబెట్టినాక వాటి నడుముల వెంట అడ్డంగా కట్టె పెట్టి తాళ్లతో బిగించేవాడు, దాన్ని నడుంకట్టు అనేవాడు. అది లేకుండా కాంక్రీటు పోయనిచ్చేవాడు కాదు. సారు స్కేలు చూపించకముందే ఆమెకు ఆ మాట తెలుసు, స్కేలు చూసిన రోజు ఇంటికి పోయి నాయనతో చెప్పాలనుకుంది, ఎందుకో చెప్పలేదు. ఎందుకో ఏమిటి. పలమనేరులో ఒక కల్యాణమంటపం స్లాబు, తను రెండో తరగతి. సిమెంటు తట్టలు మోసేవాళ్లకు దారి లేదని మేస్త్రీలు తొందర పెడితే ఒక వరస నడుంకట్టు నాయనే విప్పించాడు. ఒక్క వరస. పోయడం అయిపోవచ్చిందిలే అని. స్లాబు కూలి చెంగయ్య అనే కూలీ కాలు పోయింది, మోకాలి కిందికి. కట్టెలు పుచ్చిపోయి ఉండాయని చెప్పు, సరుగుడు అమ్మినోడి మీదికి పోతాది అన్నాడు కాంట్రాక్టరు. నాయన అదే చెప్పాడు. కట్టెలు పుచ్చిపోలేదని నాయనకు తెలుసు, అమ్మకు తెలుసు, తలుపు చాటునుంచి విన్న తనకు తెలుసు. చెంగయ్య తర్వాత మార్కెట్టు వీధిలో టీ అంగడి పెట్టుకున్నాడు. నాయన ఆ వీధిలో పోతే అంగడికి ముందే రోడ్డు దాటి అవతల పక్కకు పోయేవాడు, అంగడి దాటినాక మళ్లీ ఇవతలికి వచ్చేవాడు. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని తనూ దాటేది, ఎందుకు దాటుతున్నామో తెలిసినాక కూడా దాటేది. చెంగయ్య ఒకసారి అక్కడినుంచే, ఏం మేస్త్రీ, టీ తాగి పో అని పిలిచాడు. నాయన వినపడనట్టే నడిచాడు. ఆయన అరచెయ్యి చెమట పట్టి ఉంది, చెరువులోంచి తీసిన చేపలా. కన్నుమూసేదాకా నిజం చెప్పలేదు. ఇరవై రెండేళ్లు రోడ్డు దాటాడు.

ముప్పై రెండు. ఇరవై ఆరు. గాలి ఒకసారి రివ్వుమని వచ్చింది, రేకులు దడదడలాడాయి, గీత రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఊగింది, శాంతయ్య "ఏసయ్యా" అన్నాడు, గాలి పోయింది, గీత వెనక్కి వచ్చింది. ఇరవై. పదహారు. కాలువలో ధార సన్నబడింది, తీగలా అయింది, చుక్కలైంది. పదకొండు. ఐదు నిమిషాలు చూసింది, పదినిమిషాలు చూసింది, పదకొండు దగ్గరే ఆగిపోయింది. ఇక రాదు. ఆ పదకొండు వంపు ఇనుములో ఉండిపోతుంది, కాలు మార్చాల్సిందే. దుర్భిణి వదిలి నేల మీద కూర్చుంది.

ధర్మేంద్ర వచ్చి పక్కన చతికిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కాకు మట్టి అంటుతుందని కూడా చూసుకోలేదు. "మేడం," అన్నాడు, గొంతు తగ్గించి, "ఓనరు పెద్దాయన ఫోన్ చేసినారు. రిపోర్టు రాయాల్సి వస్తుంది కదా. కాయల లారీ వెనక్కి వస్తా కాలికి తగిలిందని రాసేస్తాం. మీకు ఇబ్బంది లేదు. మీరు ఆ పొద్దు ఫోన్లో చెప్పినారని యాడా రాత లేదు. నేను చెప్పను." అతని మొహంలో మోసమేమీ లేదు. అలిసిపోయిన మొహం. మంచి చేస్తున్నాననే అనుకుంటున్నాడు, ఆమెకు, తనకు, అందరికీ. లారీ. పేరు లేని లారీ, డ్రైవరు లేని లారీ, ఎవరికీ నష్టం లేదు. ఎంత తేలిక. సరే అంటే రెండక్షరాలు. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడం కూడా సరే అన్నట్టే అవుతుందని తెలిసి కూడా ఏమీ అనలేక కూర్చుంది.

గురవమ్మ నడిచి వచ్చింది. రబ్బరు తొడుగులు తీసి నడుముకు దోపుకుని ఉంది. ఎదురుగా నిలబడింది.

"మేడమా, ఒక మాట అడగతాను. మేము మద్దేనం సద్దులు తినింది ఆ ట్యాంకు నీడనే. నలభై మందిమి. తిని రొంతసేపు ఆడనే ఒరిగినాము గూడా. అప్పుడు గూడా ఆ కాలు వంగే ఉన్నిందా?"

కోమలి తలెత్తింది. "ఉన్నింది."

"ఆ కమ్మీలు కొయ్యమని ఎవురు సెప్పినారు?"

"గురవమ్మా, లారీ ఒకటి..." అని ధర్మేంద్ర మొదలుపెట్టాడు.

"నేను చెప్పినాను," అంది కోమలి. చెప్పేసినాక గానీ చెప్పినట్టు తెలియలేదు. "ఒకటి కోసుకోమని ఫోన్లో నేనే చెప్పినాను. వీళ్లు మూడు కోసినారు. వచ్చి చూడాల్సింది నేను. రాలేదు. మొన్న గుర్తొచ్చింది, అయినా రాలేదు."

గురవమ్మ చాలాసేపు ఆమె మొహంలోకే చూసింది. తిడుతుందేమోనని కోమలి ఎదురుచూసింది, తిడితే బాగుండుననిపించింది. ధర్మేంద్ర లేచి నాలుగడుగులు దూరంగా పోయి నిలబడ్డాడు.

"నా బిడ్డ లోపల ఉన్న్యాడు," అంది గురవమ్మ చివరికి.

"అవును."

"ఇది నాకొక్కదానికి సెప్తే సాలదు. ఆడ అంతమంది ఉండారు. పా, వాళ్లకీ సెప్పు." అని వెనక్కి తిరిగి, వస్తోందా లేదా అని చూడకుండా, ప్రహరీ వైపు నడిచింది.

కోమలి లేచింది. గురవమ్మ వెనకాలే ఆ జిగట మట్టిలో నడుస్తూ ఉంటే ఆడవాళ్లు మాటలాపి తలలెత్తారు. ఎవరో పక్కకు జరిగి, కూర్చో మా, కూర్చో, అని నేల మీద చోటు చూపించారు. ఆమె కూర్చోలేదు. నలభై మందికీ వినపడేలా గొంతు ఎత్తింది.

"నా పేరు కోమలి," అంది. "ఆ ట్యాంకు కాళ్లకు లెక్క కట్టింది నేనే."